పాత కారు చెప్పిన లెక్కల పాఠం

 

క్రిందటిసారి స్కాలర్‌షిప్ చెక్కులు ఇచ్చిన రోజున భోజనాల దగ్గర ఒక పాలిటెక్నిక్ విద్యార్థి నా పక్కన కూర్చున్నాడు. నాకు పాత కారు ఉన్న సంగతి ఎవరో అతనికి చెప్పారట. "తాతగారూ, మా పెదనాన్నగారి అంబాసిడర్ పన్నెండేళ్ళుగా షెడ్డులో పడి ఉంది. దాన్ని నేను బాగుచేసుకోవచ్చా? ఎంతవుతుంది?" అని అడిగాడు. ఎదురు వరుసలో ఉన్న అతని తండ్రి ముఖం చిట్లించి, "ముందు అరియర్స్ పూర్తి చెయ్యమనండి సార్" అన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. పెరుగన్నం తినే లోపల నేను చెప్పగలిగింది తక్కువ. అందుకే ఈ పాఠం వ్రాస్తున్నాను.

నేను మెకానిక్‌ను కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి, 2018లో పదవీ విరమణ చేశాను. కాబట్టి ఇందులో ఇంజను సంగతులు నేను చేతులకు మసి అంటించుకుని నేర్చుకున్నవి. లెక్కల సంగతులు మాత్రం ముందే తెలిసి ఉండి కూడా పాటించక దెబ్బతిని మళ్ళీ నేర్చుకున్నవి.

పాత కారు అంటే ఏది?

ముప్ఫై ఏళ్ళు దాటి, పుట్టినప్పటి రూపంలోనే భద్రపరచి, రోజువారీ ప్రయాణానికి వాడని వాహనాన్ని చారిత్రక వాహనంగా గుర్తించాలని 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పురాతన వాహనాల సమాఖ్య అంటుంది. మన దేశంలో మోటారు వాహన నియమాలకు 2021లో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన సొంత వాడకపు ద్విచక్ర వాహనాలు, కార్లు "వింటేజ్" వాహనాలు.

వింటేజ్ అనగానే మహారాజుల రోల్స్ రాయిస్ గుర్తుకు వస్తుంది. ఢిల్లీలో 1964 నుంచి జరుగుతున్న స్టేట్స్‌మన్ ర్యాలీలో అటువంటివి కనిపిస్తాయి. కాని మన మధ్యతరగతి ఇళ్ళలో మిగిలినవి మూడే రకాలు. ఒకటి కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్. ఇది 2014లో ఆగిపోయింది. రెండవది బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100. ఇదే 1970లలో ప్రీమియర్ పద్మిని అయింది. బొంబాయి నల్లపసుపు టాక్సీలుగా అందరికీ తెలిసిన ఈ బండి 2023 అక్టోబరు చివరితో టాక్సీ సేవ నుంచి తప్పుకుంది. మూడవది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. మహారాష్ట్రలో, తమిళనాడులో ఉన్న మన పాఠకులకు ఈ బండ్లు చుట్టాల వంటివే.

మా ఊరి ఉదాహరణ

కోయంబత్తూరులో మోటారు మాట వస్తే జి.డి. నాయుడు గారిని తలచుకోకుండా ముందుకు పోలేము. గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారు 1893లో ఈ జిల్లాలోని కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. బడి చదువు ఎక్కువ సాగలేదు. ఒక ఆంగ్లేయ అధికారి మోటార్ సైకిల్ చూసి, అటువంటిది తనకూ కావాలని, కోయంబత్తూరు వచ్చి హోటల్లో సర్వరుగా పనిచేశారు. జీతం కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొని ఊరంతా తిరగలేదు. దాన్ని పూర్తిగా విప్పి, తిరిగి బిగించి, అది ఎట్లా పనిచేస్తుందో తెలుసుకున్నారు. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సుతో ఆయన రవాణా వ్యాపారం మొదలైంది. తరువాతి కథ అందరికీ తెలిసిందే. ఆయన పేరుతో సంబంధం ఉన్న జీడీ కార్ మ్యూజియం 2015 నుంచి అవినాశి రోడ్డులో ఉంది. సెలవుల్లో కోయంబత్తూరు వచ్చే పిల్లలు తప్పక చూడండి.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఆ మోటార్ సైకిల్‌ను ఆయన కూడబెట్టిన జీతంతో కొన్నారు. విప్పినదాన్ని తిరిగి బిగించారు. విప్పడం ఎవరైనా చేస్తారు.

నా తప్పు

మా ఇంట్లో ఉన్నది 1975 నాటి పద్మిని. 2019 జనవరిలో, పదవీ విరమణ డబ్బు చేతిలో ఉన్న రోజుల్లో, 45,000 రూపాయలకు కొన్నాను. బండి కదలదు. లారీ మీద తెచ్చుకున్నాము. ఒక మేస్త్రి చుట్టూ తిరిగి చూసి, "అన్నీ కలిపి 90,000లో అయిపోతుంది సార్" అన్నాడు. కాగితం మీద వ్రాసి ఇమ్మని నేను అడగలేదు. బ్యాంకులో పది రూపాయల వోచరు కూడా సంతకం లేనిదే తీసుకోనివాడిని, ఆ రోజు నోటి మాట మీద తల ఊపాను.

నాకు బండి అందంగా కనబడాలని తొందర. అందుచేత ముందు టింకరింగు, పెయింటు చేయించాను. తరువాత సీట్లు, లోపలి గుడ్డ. తరువాత బంపర్లకు క్రోమియం పూత. మెరుస్తున్న బండిని చూసి వీధిలో వాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. ఇంజను మాత్రం తిరగలేదు. బిల్లులు కొన్ని చొక్కా జేబులో, కొన్ని డిక్కీలో ఉన్నాయి. పుస్తకంలో ఒక్కటీ ఎక్కలేదు.

ఆ జూన్ నెలలో మా చిన్నమ్మాయికి ఎం.ఎస్‌సి. రెండవ సంవత్సరం ఫీజు 68,000 రూపాయలు కట్టవలసి వచ్చింది. పొదుపు ఖాతాలో చూస్తే 11,000 ఉన్నాయి. మా ఇంటావిడ ఒకే ప్రశ్న అడిగింది: "ఏమండీ, ఇంతవరకు కారుకు ఎంతయింది?" నేను జవాబు చెప్పలేకపోయాను. దాచాలని కాదు. నాకు నిజంగానే తెలియదు. ఆమె పాల లెక్క, ఇస్త్రీ లెక్క కూడా ముప్ఫై ఏళ్ళుగా నోటుబుక్కులో వ్రాసే మనిషి. ఇంకేమీ అనలేదు. ఆ రాత్రి మా అమ్మాయి వచ్చి, "నాన్నా, నేను ఈ ఏడాది ఆగి, ఏదైనా ఉద్యోగం చూసుకుని తరువాత చదువుతానులే" అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకు వస్తుంది.

మర్నాడు వెళ్ళి ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే రద్దు చేసి ఫీజు కట్టాను. గడువుకు ముందు తీస్తే వడ్డీ తగ్గుతుందని, తొందరపడవద్దని కౌంటరు దగ్గర ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఇప్పుడు కౌంటరుకు ఇవతల నిలబడి ఫారం నింపాను. ఇంటికి వచ్చి, జేబుల్లోవి, డిక్కీలోవి బిల్లులన్నీ నేల మీద పరచి, మా ఇంటావిడ ఇచ్చిన నోటుబుక్కులో వ్రాశాను:

బండి ధర: 45,000
టింకరింగు, పెయింటు: 95,000
సీట్లు, లోపలి గుడ్డ: 22,000
క్రోమియం పూత: 12,500
మొత్తం: 1,74,500

పెయింటు ఒక్కటే మేస్త్రి చెప్పిన 90,000 దాటింది. బండి ఒక్క అడుగు కదలలేదు. ఆ రోజు నుంచి పద్నాలుగు నెలలు కారుకు గుడ్డ కప్పి ఉంచాను.

వాణిజ్య శాస్త్రం ఏమి చెబుతుంది?

కామర్స్ విద్యార్థులు సంక్ కాస్ట్ అనే మాట చదివే ఉంటారు. ఇప్పటికే ఖర్చయి, ఏ నిర్ణయం తీసుకున్నా తిరిగి రాని డబ్బు అది. "ఇంత పెట్టాము కదా, ఇంకొంచెం పెడితే అయిపోతుంది" అనే ఆలోచన పాత కార్ల యజమానులను ముంచుతుంది. సరైన ప్రశ్న వేరు. "ఈ రోజు నుంచి పెట్టవలసినది ఎంత, దానివల్ల వచ్చేది ఏమిటి, ఆ డబ్బు ఇంకెక్కడ అవసరం?" ఇవే అడగాలి.

రెండవది తరుగుదల. రిటన్ డౌన్ వాల్యూ పద్ధతిలో ఏటా 15 శాతం తీస్తే, లక్ష రూపాయల కారు పదేళ్ళకు పుస్తకాల్లో 19,687 రూపాయలు అవుతుంది. ఎన్నేళ్ళు తీసినా సున్న కాదు. నిజమైన బండి కూడా అంతే. నడిపే మనిషి ఉన్నంతకాలం ఎంతో కొంత విలువ ఉంటుంది. కాని ఆ విలువ మనం పెట్టిన ఖర్చుకు సమానంగా పెరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పాత కారును పెట్టుబడిగా చూపి అమ్మజూపే వారి దగ్గర జాగ్రత్త. ఇది సరదా ఖర్చు. సరదాకు ఎంత కేటాయించగలమో ముందే తేల్చుకోవాలి.

విప్పే ముందు చూడవలసినవి

ఆ పద్నాలుగు నెలల్లో కొత్తగా ఖర్చు పెట్టలేదు గాని, చూడడం నేర్చుకున్నాను. పాలిటెక్నిక్ చదువుతున్న మా మేనల్లుడు ఆదివారాలు వచ్చేవాడు. కొనే ముందే చూడవలసిన వాటిని మేము అప్పుడు చూశాము.

1. తుప్పు. ఇనుము, గాలి, తేమ కలిస్తే తుప్పు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే పెయింటు కింద బుడగలు లేస్తాయి. పద్మినిలో, అంబాసిడర్‌లో విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు. బాడీయే బరువు మోస్తుంది. కాబట్టి అడుగు రేకు, తలుపుల కింది అంచు, జాకీ పెట్టే చోటు, బ్యాటరీ కింది పళ్ళెం తుప్పు పడితే పోయేది అందం ఒక్కటే కాదు, బండి బలం కూడా. హెరాల్డుకు విడి ఫ్రేము ఉంటుంది. దానిలో ఆ ఫ్రేమును ముందు చూడాలి.

2. పుట్టీ. చిన్న అయస్కాంతానికి మెత్తని గుడ్డ చుట్టి బాడీ మీద జరపండి. పట్టుకోని చోట రేకు బదులు పుట్టీ ఉన్నది.

3. ఇంజను. చాలాకాలం నిలిచిన ఇంజనును వెంటనే సెల్ఫ్ కొట్టవద్దు. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో కొంచెం నూనె పోసి, రెండు మూడు రోజులు నానబెట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పి చూడాలి. తిరిగితే కంప్రెషన్ గేజితో నాలుగు సిలిండర్లనూ కొలవాలి. నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటే మంచిది. ఒకటి బాగా తక్కువైతే రింగులో వాల్వులో అరిగాయన్నమాట.

4. కాగితాలు. ఆర్.సి. మీది ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది వాటితో సరిపోవాలి. పన్ను బాకీలు, పాత అప్పు తాలూకు హైపోథెకేషన్ ఉన్నాయేమో చూడాలి. కాగితం లేని బండి ఎంత చౌకైనా వద్దు.

5. విడిభాగాలు. ఏవి దొరుకుతాయి, ఏవి లేత్ షాపులో చేయించాలి, ఏవి అసలు దొరకవు అని జాబితా వ్రాయాలి. మద్రాసు పుదుపేట, బెంగుళూరు జె.సి. రోడ్డు వంటి చోట్ల తిరిగితే చాలావరకు తెలుస్తుంది. తిరగడానికి డబ్బు అక్కరలేదు, ఓపిక కావాలి.

పని వరుస

నేను చేసిన వరుస తలకిందులు. ఇంజను దించేటప్పుడు కొత్త పెయింటు రెండుచోట్ల గీసుకుపోయింది కూడా. సరైన వరుస ఇది: మొదట బండిని ఆపేవి, అంటే బ్రేకులు, స్టీరింగు, టైర్లు. తరువాత నడిపేవి, అంటే ఇంజను, కూలింగు, పెట్రోలు దారి, వైరింగు. ఆ తరువాత తుప్పు పని, పెయింటు. అన్నిటికంటె చివర సీట్లు, క్రోమియం. తుప్పు బాడీ బలాన్ని తీసేసి ఉంటే మాత్రం ఆ వెల్డింగు పని మొదటికి వస్తుంది.

విప్పిన ప్రతి భాగానికి ముందు ఫోటో తీయండి. నట్లు, బోల్టులు ఒకే డబ్బాలో పోయకండి. ఒక్కొక్క జాగావి ఒక్కొక్క సంచిలో వేసి, పేరు, తేదీ వ్రాయండి. మా మేనల్లుడు పాత పెళ్ళిపత్రికల కవర్లు వాడాడు. రెండువందల కవర్లు అయ్యాయి. ఐదు నెలల తరువాత బిగించేటప్పుడు ఆ కవర్లే మమ్మల్ని గట్టెక్కించాయి.

ఇంజను పనిలో పాఠ్యపుస్తకం కళ్ళ ముందు కనబడుతుంది. పద్మిని సిలిండరు వ్యాసం 68 మి.మీ., పిస్టను నడక 75 మి.మీ., సిలిండర్లు నాలుగు. స్తూపం ఘనపరిమాణం సూత్రం వేస్తే 1,089 సి.సి. వస్తుంది. ఫియట్ 1100 అనే పేరు అందులోంచే వచ్చింది. అరిగిన సిలిండర్లను బోరు చేయించి 0.4 మి.మీ. పెద్ద పిస్టన్లు వేశాము. అప్పుడు ఎన్ని సి.సి. అయిందో చివరి ప్రశ్నల్లో మీరే కట్టండి.

చౌకైన కారణం ముందు చూడాలి

2021 జనవరిలో ఇంజను పలికింది. సంతోషంగా బయలుదేరాము. పది నిమిషాలు నడిచి ఆగిపోయింది. పావుగంట ఆగి తిప్పితే మళ్ళీ పది నిమిషాలు నడుస్తుంది. ప్రతిసారీ ఇంతే. కార్బొరేటర్ విప్పి కడిగాము. మారలేదు. పెట్రోలు పంపు అనుమానించి 1,850 రూపాయలు పెట్టి కొత్తది వేశాము. మారలేదు.

మూడవ ఆదివారం మా మేనల్లుడు, బండి ఆగిన వెంటనే పెట్రోలు ట్యాంకు మూత తీశాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. వెంటనే బండి స్టార్టయింది. "మామయ్యా, ట్యాంకులోకి గాలి పోవడం లేదు" అన్నాడు. పాత సామాన్ల కొట్లో తెచ్చిన ఆ మూతకు గాలి రంధ్రం లేదు. పెట్రోలు బయటికి వచ్చిన కొద్దీ ట్యాంకులో ఖాళీ ఏర్పడి, పంపు లాగలేకపోతున్నది. సరైన మూత 120 రూపాయలకు దొరికింది.

పిల్లలారా, లోపం వెతికేటప్పుడు ఒకసారికి ఒక్క అనుమానాన్నే పరీక్షించండి. డబ్బు ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చు ఉన్నది తరువాత. ఏ పరీక్షకు ఏ ఫలితం వచ్చిందో వ్రాసి పెట్టండి. మీ భౌతికశాస్త్రం ప్రయోగశాలలో చెప్పేదీ ఇదే, బ్యాంకులో లెక్క తేలనప్పుడు మేము చేసిందీ ఇదే. రోజు చివర నగదు తేడా వస్తే ముందు మా కూడిక సరిచూసుకునేవాళ్ళము. ఖాతాదారును అనుమానించడం చివరి పని.

నిర్వహణ

బాగుచేసిన బండిని మూసి పెట్టడం కంటె నడపడం మేలు. నేను పాటించే పద్ధతి ఇది.

వారానికి ఒకసారి: ఇంజను పూర్తిగా వేడెక్కేలా అరగంట నడపడం. ఆయిలు, నీళ్ళు, టైర్లలో గాలి చూడడం. నిలబెట్టి రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపితే సైలెన్సరులో తేమ మిగిలి తుప్పు పడుతుంది.

ఆరు నెలలకు: ఇంజను ఆయిలు మార్పు, గ్రీజు నిపుల్స్‌కు గ్రీజు, ప్లగ్గుల, కాంటాక్టు పాయింట్ల ఎడం ఫీలర్ గేజితో చూడడం. కొలతలు బండి మాన్యువల్‌లో ఉన్నవే పాటించాలి.

రెండేళ్ళకు: బ్రేక్ ఆయిలు మార్పు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే బ్రేకు వేడెక్కినప్పుడు ఆవిరై పెడల్ లోపలికి పోతుంది.

టైర్లు: పక్కన ముద్రించిన నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. గీతలు లోతుగా ఉన్నా రబ్బరు వయసుతో గట్టిపడి పగులుతుంది.

పెట్రోలు: 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పాత ఇంజన్లలో వాల్వు సీట్లను సీసం కొంత కాపాడేది. కాబట్టి హెడ్డు విప్పినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించుకోవడం మంచిది. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చింది. ఇథనాల్ పాత రబ్బరు పైపులను, డయాఫ్రంలను చెడగొడుతుంది. తేమను కూడా పీల్చుకుంటుంది. పాత బండికి ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించి, పెట్రోలును నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచకుండా వాడుకోవాలి.

ప్రాణభయం ఉన్నచోట

జాకీ ఒక్కటే పెట్టి బండి కిందికి ఎవరూ దూరవద్దు. స్టాండ్లు తప్పనిసరి. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును నోటితో గాని గాలి పైపుతో గాని ఊదకూడదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను మూటకట్టి పారవేయాలి. వైరింగు ముట్టుకునే ముందు బ్యాటరీ విప్పాలి. పెట్రోలు పని ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. మూసిన షెడ్డులో ఇంజను నడిపితే వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. ఇవి తెలిసిన పెద్దవారు పక్కన లేకుండా పిల్లలు పని మొదలుపెట్టవద్దు.

చట్టం

సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్ళు, ఆ తరువాత బండి తనిఖీ చేయించి ఐదేళ్ళకొకసారి పొడిగింపు. 15 ఏళ్ళు దాటిన కారుకు ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్ళు దాటిన వాటికి 2025లో మరింత పెంచారు. హరిత పన్ను రాష్ట్రానికొక రకంగా ఉంటుంది. బండి కొనే ముందే మీ ఆర్.టి.ఓ. కార్యాలయంలో కనుక్కోండి.

50 ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ కోరవచ్చు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. తరువాత పొడిగింపుకు 5,000. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా మూలరూపంలో ఉండాలి. అటువంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలు, రిపేరు పనులకు మాత్రమే రోడ్డు మీదికి తేవచ్చు. మా బండికి 2025లో 50 ఏళ్ళు నిండాయి. నేను మామూలు రిజిస్ట్రేషన్‌నే కొనసాగిస్తున్నాను. ఆదివారం మా ఇంటావిడతో కూరగాయల మార్కెట్టుకు వెళ్ళడం ప్రదర్శన కిందికి రాదు కదా.

చివరి లెక్క

రెండవ విడతలో అయిన ఖర్చు కూడా చెబుతాను. ఇంజను 38,000. టైర్లు 14,000. బ్రేకులు 11,500. వైరింగు 9,000. రేడియేటరు, పెట్రోలు పంపు, పైపులు 8,000. రిజిస్ట్రేషన్, బాకీ పన్ను, బీమా, తరలింపు 15,000. మొత్తం 95,500. మొదటి విడతతో కలిపి 2,70,000 రూపాయలు. బండి ధర తీసివేస్తే పనికి 2,25,000 అయింది. మేస్త్రి నోటిమాటకు ఇది రెండున్నర రెట్లు. ఇది నా ఒక్క బండి లెక్క. మీది వేరుగా ఉండవచ్చు.

ఇటీవల ఒకరు 1,60,000 ఇస్తామన్నారు. అంటే 1,10,000 నష్టం. నేను ఇవ్వలేదు. కాని ఆ నష్టం పుస్తకంలో ఎర్ర సిరాతో వ్రాసి ఉన్నది. రెండవ విడత ఖర్చంతా నెలనెలా పింఛనులో మిగిల్చినదే. ప్రతి పైసా మా ఇంటావిడ చూసి సంతకం పెట్టినదే. మా చిన్నమ్మాయి చదువు ఆగలేదు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నది. సెలవుల్లో వచ్చినప్పుడు ఆ కారు తనే నడుపుతుంది. మా మేనల్లుడు ఆ కవర్లను ఇంకా దాచుకున్నాడు.

ఆ పాలిటెక్నిక్ అబ్బాయికి నా జవాబు ఇది. నాయనా, అంబాసిడర్ ఎక్కడికీ పోదు. ముందు అరియర్స్ పూర్తి చెయ్యి. ఈలోగా ఆదివారాలు షెడ్డుకు వెళ్ళి, పైన చెప్పిన ఐదు విషయాలు చూసి నోటుబుక్కులో వ్రాయి. దానికి పైసా ఖర్చు లేదు. చేతికి పని కావాలంటే పాడైపోయిన ఒక మోపెడ్ కార్బొరేటర్ తెచ్చుకుని విప్పి, బిగించు. స్కాలర్‌షిప్ డబ్బు మాత్రం ఫీజుకూ పుస్తకాలకే. అందులోంచి ఒక్క స్పానరు కూడా కొనవద్దు.

తండ్రిగారికి ఒక మనవి. మసి అంటిన చేతులను చూసి కోప్పడకండి. వారానికి ఒకసారి ఆ నోటుబుక్కు అడిగి చూడండి. అందులో ఏదైనా వ్రాసి ఉంటే అబ్బాయి నేర్చుకుంటున్నట్లే. ఖాళీగా ఉంటే షెడ్డుకు తాళం వేయండి. ఆ తాళం 2019లో నాకు కూడా వేసి ఉండవలసింది.



అభ్యాసం

1. సిలిండరు వ్యాసం 68 మి.మీ. నుంచి 68.4 మి.మీ.కు పెరిగితే, నడక 75 మి.మీ., నాలుగు సిలిండర్లకు మొత్తం ఘనపరిమాణం ఎంత?

2. 2,70,000 రూపాయలను ఏటా 6 శాతం చక్రవడ్డీకి ఐదేళ్ళు ఉంచితే ఎంత అవుతుంది?

3. ఒక వ్యాపార సంస్థ వాడే కారు విషయంలో వీటిని మూలధన వ్యయం, రాబడి వ్యయం అని విడదీయండి: కారు కొన్న ధర, ఇంజను ఆయిలు మార్పు, అరిగిన టైర్ల బదులు కొత్తవి, వాడకానికి ముందు చేయించిన పూర్తి ఇంజను పని.

4. మీ ఇంట్లో మూలపడిన ఒక వస్తువును, సైకిలో, మిక్సీయో, రేడియోయో, ఎన్నుకోండి. బాగుచేసే ఖర్చు అంచనా ముందుగా వ్రాయండి. బాగుచేసిన తరువాత అసలు ఖర్చు పక్కన వ్రాసి, తేడాకు కారణం అమ్మానాన్నలకు వివరించండి.

జవాబులు: 1. సుమారు 1,102 సి.సి. 2. సుమారు 3,61,300 రూపాయలు. 3. మొదటిది, నాలుగవది మూలధన వ్యయం. రెండవది, మూడవది రాబడి వ్యయం. 4. దీనికి జవాబు మీ నోటుబుక్కులో ఉండాలి.